ఊరంతా బందు, ఇంటికి తాళం

తాళం నేను కొనలేదు. మా ఆయనే కొనుక్కొచ్చాడు. మొదటి షిఫ్టు దిగి, గోదావరిఖనిలో ఇనుప సామాన్ల దుకాణానికి పోయి, బరువైన తాళం ఒకటి ఏరి తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టాడు. "ఇగో పిల్లా, నన్ను లోపలేసి తాళమెయ్యి. నేనెంత బతిమాలినా తియ్యకు. తిట్టినా తియ్యకు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా నోట్లోంచి గుప్పుమని వాసన వస్తూనే ఉంది. తాగుడు మానేస్తానని చెప్పే ధైర్యం కోసం తాగి వచ్చాడన్నమాట. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది.

ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్లికి ముందూ బావే, పెళ్లయ్యాకా బావే. నేను ఆయనకు అప్పుడూ పిల్లనే, నలభై దాటిన ఇప్పుడూ పిల్లనే. మాకు సంతానం కలగలేదు. బాయిలో, అంటే బొగ్గు గనిలో, ఆయనది సపోర్టు పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దిమ్మెలు, స్తంభాలు నిలబెట్టాలి. నిలబెట్టే ముందు పొడుగు కర్రతో కప్పును కొట్టి చెవిపెట్టి వినాలి. గట్టిగా మోగితే కప్పు బాగున్నట్టు. డొల్లగా మోగితే పైన రాయి విడిపోయినట్టు, అప్పుడు అందరినీ బయటికి పంపించాలి. బావ చెవి మీద షిఫ్టు మొత్తానికి నమ్మకం. ఇంట్లో నేను పిలిస్తే మాత్రం ఆ చెవికి వినబడదు.

తాళం దాకా ఎందుకొచ్చిందో చెప్పాలంటే ఊరి సంగతి చెప్పాలి.

మా ఊరు గోదావరిఖనికి షేర్ ఆటోలో పోయేంత దూరం. సగం మంది బాయి పని, సగం మంది పొలం పని. ఊళ్లో కిరాణా దుకాణాల్లో ఉప్పు, పప్పు, సబ్బులతో పాటు మందు కూడా దొరికేది. పట్నంలో లైసెన్సు ఉన్న వైన్సు నుంచి తెచ్చి ఊళ్లో ఇట్లా అమ్మేదాన్ని బెల్టుషాపు అంటారు. చట్టం ప్రకారం అది నేరమే. అప్పుడప్పుడూ జీపు వచ్చేది. జీపు కంటే ముందు జీపు వస్తోందన్న వార్త వచ్చేది. తీరా వచ్చి చూస్తే ఆ దుకాణాల్లో ఉప్పు, పప్పు, సబ్బులే ఉండేవి. జీపులో వాళ్లు సోడా తాగి పోయేవారు.

ఇదంతా నాకు కొత్త కాదు. మా నాయిన కూడా బాయి మనిషే, శ్రీరాంపూర్ వైపు. నా చిన్నప్పుడు తొంభైలలో సారా మీద ఆడవాళ్లు లేచారు. మా అమ్మ కొంగు నడుముకు చుట్టి దుకాణం ముందు కుండలు పగలగొట్టిన రోజు నాకు గుర్తుంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ ఒక్కతే నవ్వుకుంది. ఆ తర్వాత సారా పోయింది, కొన్నాళ్లకు రాష్ట్రమంతా మందే బందయింది. మరి మా నాయిన మానేశాడా? డ్యూటీ లేనినాడు రైలెక్కి మహారాష్ట్ర పోయి తాగొచ్చేవాడు. బల్లార్షా పోయే ప్యాసింజరులో మనిషి మీద మనిషి. పోయేటప్పుడు అందరూ ఒద్దికగా కూర్చునేవారట, వచ్చేటప్పుడు తలుపుల దగ్గర వేలాడుతూ వచ్చేవారట. రైలెక్కలేనివాళ్లకు గోదావరి ఒడ్డున పొదల్లో బెల్లం ఊట పెట్టి గుడుంబా కాచేవారు. ఆ గుడుంబా తాగి మా వాడలోనే కళ్లు పోయినవాళ్లున్నారు.

నిషేధం ఎత్తేసిన నాడు మా నాయిన పొద్దుగూకకముందే ఇల్లు చేరాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. గెలిచిన పోరాటం ఓడిపోయామని ఏడుస్తోందనుకున్నాను. చాలా ఏండ్లకు అడిగితే చెప్పింది, దగ్గర్లోనే దొరుకుతుంది, ఇక రైలు కింద పడడు అని ఏడ్చిందట. ఆ మాట విని నాకు అమ్మ మీద కోపమొచ్చింది. ఇంత పిరికిదేంది అనుకున్నాను.

అందుకే మా ఊళ్లో మందు బందు పెట్టాలని సంఘం ఆడవాళ్లు అన్నప్పుడు ముందు చెయ్యెత్తింది నేనే. సంఘానికి పెద్ద మా వెనకింటి అవ్వ. గుడుంబాకు భర్తనూ కొడుకునూ పోగొట్టుకున్న మనిషి. నన్ను ఆమె తన కుడిచెయ్యి అనేది. పంచాయతీలో తీర్మానం రాయించాం. డప్పు చాటింపు వేయించాం. అమ్మితే జరిమానా, పట్టిస్తే అందులో వాటా. ఇక చూడాలి ఊరి వేషం. మొగుళ్ల సంచులు పెళ్లాలు వెతికారు, వియ్యపురాలి గడ్డివాములో వియ్యపురాలు చెయ్యిపెట్టింది. మా ఊరివాళ్లకు పక్కింటి మీద ఇంత శ్రద్ధ ఉందని నాకప్పుడే తెలిసింది.

అంతా బాగానే ఉంది కానీ పోచమ్మ దగ్గర చిక్కొచ్చింది. బోనం ఎక్కిస్తే అమ్మవారికి సాక పోయాలి, అంటే కల్లో మందో నేల మీద ధారగా వదలాలి. మనుషులకు బందు పెట్టొచ్చు, దేవతకు ఎట్లా పెడతాం? పొద్దంతా వాదించుకుని చివరికి ఒక్క సీసా ఉంచాలని తేల్చాం. దాన్ని పంచాయతీ ఆఫీసు బీరువాలో పెట్టాం. ఊరంతటికీ అదొక్కటే సీసా. మహా జాగ్రత్తగా ఏర్పాటు చేశామని మురిసిపోయాం.

బందు మొదలైన వారంలోనే నాకు మా అమ్మ పొయ్యి ముందు ఏడ్చిన ఏడుపు అర్థమైంది. అంతకుముందు బావ మా ఇంటికి నాలుగిళ్ల అవతల తాగేవాడు. అన్నం చల్లారుతుంటే నేనే పోయి, చెయ్యి పట్టుకుని తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు షిఫ్టు దిగి పట్నంలోనే తాగి, ఒక చేత్తో బండి నడుపుకుంటూ బొగ్గు లారీల రోడ్డు మీద వస్తున్నాడు. మా బందు ఊరి పొలిమేర దాకే. పొలిమేర దాటితే సర్కారు లైసెన్సు దుకాణాలు, వాటి పక్కన కూర్చుని తాగే గదులు, రంగు లైట్లు. అక్కడ తాగడం నేరం కాదు. మేం మందును ఊళ్లోంచి తరిమితే మగవాళ్లు దాని వెంట పోయారు. రెండుసార్లు బండి మీంచి పడ్డాడు. పడ్డప్పుడల్లా డ్యూటీ ఎగ్గొట్టాడు. హాజరును మా దగ్గర మస్టర్లంటారు. మస్టర్లు తక్కువైతే కంపెనీ ఛార్జిషీటు ఇస్తుంది, ఆ తర్వాత ఉద్యోగమే పోతుంది. ఛార్జిషీటు వచ్చింది.

ఆ రోజు నేను తేల్చి చెప్పాను. "బావా, నా తోని గాదిగ. నువ్వు మానకపోతే నేను శ్రీరాంపూర్ల అక్క దగ్గరికి పోత. మిషనుంది, చేతుల పనుంది, నాకేం ఫికర్ లేదు." బెదిరింపు కాదు. బట్టలు సర్దుకున్నాను కూడా. పిల్లల్లేనిదానివి, పోవడం తేలికే గదా అని అక్క ఎన్నో ఏండ్ల నుంచి అంటోంది. బావ మర్నాడు సెలవు రాసిచ్చి తాళం తెచ్చాడు.

అవ్వను అడిగాను. "మంచి పనే బిడ్డా. మూడొద్దులు కడుపుల చుక్క పడకపోతే అదే పోతది. మొగోళ్లకు పట్టుదల లేదు గని తాళానికుంటది" అంది. నాకూ అంతే తోచింది. దగ్గో దమ్మో అయితే మాత్రలు కావాలి గానీ, తాగకపోతే వచ్చే జబ్బేముంటుంది? వెనక గదిలో మంచం, బియ్యం డ్రమ్ము, నా పాత బీరువా ఉన్నాయి. మంచినీళ్లు, బకెట్టు పెట్టి తాళం వేశాను. అన్నం పెట్టినప్పుడే తీసేదాన్ని.

మొదటిరోజు తిట్టాడు, అది మామూలే. చేతులు వణికి అన్నం నోటిదాకా పోలేదు, నేనే తినిపించాను. చెమటకు పక్కంతా తడిసింది. తర్వాత నిద్ర పట్టడమే మానేసింది. నిద్ర లేకపోతే మనిషి కొంచెం చిరాకు పడతాడు, అంతే గదా అనుకున్నాను. మూడోరోజు పొద్దున గోడ మీద చీమలు పోతున్నాయని చేత్తో తుడుస్తూ కనిపించాడు. గోడ మీద చీమల్లేవు. "ఉన్నయ్ బావా, నేను తుడుస్త తీ" అని నేను కూడా తుడిచాను. ఇప్పుడు తలచుకుంటే నాకు ఏడుపొస్తుంది. అప్పటికే మనిషి చెయ్యి జారిపోతున్నాడు, నేనేమో గోడ తుడుస్తున్నాను.

మధ్యాహ్నం పళ్లెం పట్టుకుని తలుపు తీస్తే బావ గది మధ్యన నిలబడి ఉన్నాడు. చేతిలో బూజు దులిపే కర్ర. దాన్ని పైకెత్తి పెంకులను ఒక్కొక్కటే కొడుతున్నాడు. కొట్టి, తల ఓరగా పెట్టి వింటున్నాడు. మా ఇల్లు పాత గూన పెంకుటిల్లు, కొట్టినప్పుడల్లా దుమ్ము రాలుతోంది. నన్ను చూశాడు కానీ నేనెవరో ఆయనకు తెలియలేదు. "ఎవల్నువ్వు? గీడికెందుకొచ్చినవ్? కప్పు డొల్ల వలుకుతున్నది, ఇనవడ్తలేదా? ఎల్లు, జల్ది ఎల్లు!" అని నన్ను భుజం పట్టి బయటికి తోశాడు. పళ్లెం ఎగిరి వాకిట్లో పడింది. నేను లేచేలోపు లోపలి గడియ పడింది. ఆ తర్వాత బరువైనవి ఈడుస్తున్న చప్పుడు.

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఇనుప చువ్వలున్న చిన్న కిటికీ. లోపల బావ సపోర్టు పెడుతున్నాడు. బియ్యం డ్రమ్ము తలుపుకు ఆనించాడు. దాని మీదికి నా బీరువాను వాలుగా మోపాడు. ఇద్దరు మనుషులు మోయలేని బీరువా అది. మంచాన్ని నిలువుగా లేపి వాసాల కింద బిగించాడు. వంగి కింద మట్టి చూసుకున్నాడు, చేత్తో తట్టి చూసుకున్నాడు. పనిమంతుడు పని చేసినంత శుభ్రంగా చేశాడు. బాయిలో ఆయన పని ఎట్లా ఉంటుందో పెళ్లయిన ఇన్నేండ్లలో నేను చూసింది ఆ రోజే. అంతలో ఒళ్లంతా బిగుసుకుని కింద పడ్డాడు. కాళ్లు కొట్టుకున్నాయి. నుదురు మంచం కోడుకు తగిలి నెత్తురు. నేను అరిచిన అరుపుకు వాడంతా వచ్చింది.

అవ్వ వచ్చింది. సంఘం ఆడవాళ్లంతా వచ్చారు. కాసేపటికి బావ మళ్లీ లేచాడు, నెత్తురు కళ్ల మీదికి కారుతుంటే తుడుచుకోకుండా మళ్లీ కర్ర అందుకున్నాడు. ఇటువంటిది తన మొగుడికి ఒకసారి వస్తే గుక్కెడు పోసి ఆపామని ఎవరో అన్నారు. గుక్కెడు ఎక్కడిది? ఊళ్లో చుక్క లేకుండా చేసింది మేమే. ఒకప్పుడు నాలుగిళ్ల అవతల పొద్దూమాపూ దొరికింది, ఇప్పుడు ప్రాణం మీదికొస్తే లేదు. అప్పుడు అవ్వకు పోచమ్మ సీసా గుర్తొచ్చింది. "తప్పయితే నామీదుండనీ" అని ఆ వయసులో పంచాయతీ ఆఫీసు దాకా ఉరికింది. సీసా తెచ్చి మూత తీసి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. అరచేతిలో పోసుకుని నాలుకకు రాసుకుంది. నీళ్లు. ఆ ఆఫీసు బీరువా తాళం సంఘం దగ్గరే ఉంటుంది. మాలో ఎవరో తాగి నీళ్లు నింపారు. ఆడవాళ్లంతా నేల చూపులు చూశారు. అవ్వ ఆ సీసాను మా గోడ మీద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

అంబులెన్సుకు ఫోన్ చేశాం. బావతో ఒకే జట్టులో పనిచేసే తమ్ముడి వరస అతనొకడు మా ఊళ్లోనే ఉంటాడు, అతను కూడా వచ్చాడు. తలుపు పగలగొడదామని నలుగురు మగవాళ్లు భుజం ఆనిస్తే అతనే ఆపాడు. "తలుపు మీదికెల్లి బీరువా మోపిండు. గుద్దితే అది అన్న మీదనే వడ్తది" అన్నాడు. కిటికీ దగ్గరికి పోయి బాయిలో పిలిచినట్టే పిలిచాడు.

"అన్నా! పని బంద్ వెట్టిండ్రు. అందరం ఎల్లినం. నువ్వొక్కనివే ఉన్నవ్, రా!"

బావ ఆగి విన్నాడు. ఆ గొంతును గుర్తుపట్టాడు. "అందరు ఎల్లిండ్రా?"

"అందరం ఎల్లినమన్న."

"అబద్దం. మా పిల్ల లోపల్నే ఉన్నది."

నేను చువ్వలు పట్టుకుని అరిచాను. "బావా, నేనీడనే ఉన్న! బయటనే ఉన్న! నేను బాయిలకెట్లొస్త బావా, నన్నెవలు రానిస్తరు?" వాదం పెట్టుకున్నాను, ఆ సమయంలో. బావ నా గొంతు విన్నాడు. విని కిటికీ వైపు రాలేదు. గోడ మూలకు తిరిగాడు. "ఇగో, ఇనవడ్తలేదా? గీ ఎనుకనే ఉన్నది. పిల్లా! బుగులువడకు, వస్తున్న!" అని గోడను గోళ్లతో తవ్వడం మొదలుపెట్టాడు. నేను పిలిచినకొద్దీ ఇంకా మూలకు పోతున్నాడు. పిలవకపోతే నా గొంతు ఆగిపోయిందని పిచ్చిగా కొట్టుకుంటున్నాడు. వేళ్ల చివర్లు చీరుకుపోయాయి. పిలవాలా, ఊరుకోవాలా? చువ్వలు పట్టుకుని నోట్లో కొంగు కుక్కుకున్నాను. జీవితంలో అంత బయట నిలబడి అంత లోపల ఇరుక్కున్నది ఎప్పుడూ లేదు.

తమ్ముడే నిచ్చెన తెప్పించాడు. "వదినా, నువ్వు దిగాలె. అన్న ఎతుకుతున్నది నిన్ను. నేను దిగితే నన్ను గూడ బయటికి నూకుతడు" అన్నాడు. వెనకనుంచి ఇంటి మీదికెక్కి పెంకులు తీశాం. రెండు వాసాల సందులోంచి, నా చంకల కింద చీరె కట్టి నన్ను మెల్లగా కిందికి దించాడు. పెంకు ముక్కలు రాలాయి. బావ తల ఎత్తి చూశాడు. కప్పు ఊడి మీద పడుతోందనుకున్నాడు కాబోలు. పక్కకు తప్పుకోలేదు. ఒక్క ఉరుకున వచ్చి నన్ను కిందికి లాగి, నా మీద బోర్లా పడి, రెండు చేతులతో నా తల కప్పేశాడు. ఆయన గుండె నా వీపు మీద దడదడా కొట్టుకుంటోంది. దుమ్మంతా రాలి ఆగేదాకా అట్లాగే ఉన్నాడు. తర్వాత నా మొహం తిప్పి చూశాడు.

"దొరికినవ్" అన్నాడు.

"దొరికిన బావా. పోదాం పా."

ఎంత గుద్దినా కదలనిదాన్ని ఆయనే తీశాడు. ముందు బీరువా, తర్వాత డ్రమ్ము, ఏది ముందు తియ్యాలో ఏది తర్వాతో పద్ధతిగా తీశాడు. గడియ తీశాడు. నా చెయ్యి వదలకుండా, తను వంగి, నన్ను వంచి, గడప దాటించి ఎండలోకి తెచ్చాడు. అక్కడ నిలబడ్డ ఊరందరినీ చూసి "ఇగ ఎవలు లేరు లోపల" అని చెప్పి నా కాళ్ల దగ్గర కూలిపోయాడు.

అంబులెన్సు వచ్చింది గానీ కంపెనీ దవాఖానకు పోలేదు. పోతే సంగతి పనిచోట తెలుస్తుంది, ఛార్జిషీటు మీద ఇదొకటి చేరుతుంది. జ్వరమని సెలవు పొడిగించి సర్కారు దవాఖానలో చేర్పించాం. డాక్టరు నా మీద కేకలేశాడు. "ఏండ్లుగా రోజూ తాగే మనిషికి ఒక్కసారి ఆపేస్తే ప్రాణాలు పోతాయమ్మా. మందులిచ్చి ఆపాలి. గదిలో పెట్టి తాళం వేస్తే ఆగుతుందని ఎవరు చెప్పారు?" ఎవరని చెప్పను? నన్ను తిట్టినా ఆయన మీద కోపం రాలేదు. ఇంత మాట డప్పు చాటింపు వేసిన రోజు ఎవరో ఒకరు మాకు చెప్పి ఉండాల్సింది అని మాత్రం అనిపించింది. ఆ వార్డులో చేతులు మంచానికి కట్టేసి ఉన్న మగవాళ్లు ఇంకా ఉన్నారు. పక్క మంచం మనిషి భార్య నా వైపు ఒరిగి మెల్లగా అడిగింది, "మీ ఊర్ల గూడ బంద్ వెట్టిండ్రా అక్కా?" అని.

బావ బతికాడు. మందులు వాడాడు, మెల్లగా మనిషయ్యాడు, డ్యూటీకి పోయాడు. ఆ గదిలో జరిగింది తనకేమీ గుర్తు లేదంటాడు. నాకు గుర్తుంది, అదే నా ఖర్మ. శ్రీరాంపూర్ పోవడానికి సర్దిన బట్టలు మళ్లీ ఇంట్లో పెట్టేశాను. అక్క ఫోన్ చేసి "వాడు మానిండు గదా, ఇప్పుడన్న నాలుగొద్దులు రా" అంటుంది. తాగి కొట్టిన మొగుణ్ని వదిలి పోవచ్చు, ఊరు మెచ్చుకుంటుంది. నువ్వు లోపల ఉన్నావని బయటికి రానన్న మనిషిని ఏమని వదిలిపోతావు? ప్రేమే, కాదనను. కానీ నా మెడకు ఇంత గట్టిగా బిగిసింది ఇంకోటి లేదు. కొన్నిసార్లు ఆయన నిద్రపోతుంటే చూసి, ఎందుకు వెతికినవ్ బావా నన్ను, అని తిట్టుకుంటాను.

ఊళ్లో బందు ఇంకా ఉంది. అవ్వ సంఘానికి రావడం మానేసింది, కానీ తీర్మానం తియ్యాలంటే ఎవరూ ముందుకు రారు. పక్క ఊళ్లవాళ్లు వచ్చి మా పొలిమేరలో మందు బందని రాసిన బోర్డు ముందు ఫోటోలు దిగిపోతారు. మొన్న ఒక ఊరి ఆడవాళ్లు నన్ను పిలిచారు, ఎట్లా సాధించారో మైకులో చెప్పమని. ఆ రోజు బావకు డ్యూటీ ఉంది, రాలేనన్నాను. ఇంటి నుంచి బాయి దాకా ఎన్ని దుకాణాలో, ఆయన ఒక్కడే పోవాలంటే నాకు భయం. అందుకని డ్యూటీకి నేను కూడా బండి వెనక కూర్చుని పోతాను. ఆయన దిగుతాడు, నేను గేటు దగ్గర జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ కూర్చుంటాను. ఇదంతా అక్కడే కూర్చుని రాశాను. మొదట్లో మగవాళ్లు నవ్వేవారు. "ఏందక్కా, నీకు గూడ మస్టర్ వడ్తదా?" అనేవారు. ఇప్పుడు అలవాటైపోయి అనడం లేదు.

మొన్న వానరోజు మొదటి షిఫ్టు వదిలే వేళకు తల నొస్తుంటే క్యాంటీన్ షెడ్డు కిందికి పోయి టీ తాగుతున్నాను. షిఫ్టు పైకి వచ్చేసింది. అందరూ దీపాలు అప్పజెబుతుంటే లోపలికి దిగే దారి దగ్గర గొడవ వినిపించింది. చూస్తే బావ. పైకి వచ్చినవాడు మళ్లీ దిగబోతుంటే అక్కడి మనిషి చెయ్యి అడ్డం పెట్టి ఆపుతున్నాడు. "షిఫ్టు అయిపోయె గదనే, మల్ల ఎటు వోతున్నవ్?" అంటున్నాడు. నేను టీ పారేసి ఉరికాను.

"ఏంది బావా?"

నన్ను చూసి ఆగాడు. బొగ్గు మొహం మీద వాన చారలు పడుతున్నాయి. "గనవడకపోతివి పిల్లా. ఒక్కపారి చూసొద్దామనుకున్న" అన్నాడు, సంచి మరిచిపోయినవాడు అన్నంత మామూలుగా.

దగ్గరికి పోయి నోటి వాసన చూశాను. లేదు. తాగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. జట్టుతో పైకి వచ్చిన తమ్ముడు నా వైపు చూశాడు, ఎవరికీ చెప్పొద్దన్నట్టు నేను తల అడ్డంగా ఊపాను, అతను ఎవరితోనూ ఏమీ అనలేదు. డాక్టరుకు చెబితే బాయి పనికి పనికిరాడని రాస్తాడు, ఉద్యోగం పోతుంది, పొద్దంతా పని లేని మనిషి ఎటు పోతాడో నాకు తెలుసు. చెప్పకపోతే, కప్పు మోత విని జట్టు మొత్తాన్ని కాపాడాల్సిన చెవి అది. రోజూ ఆయన దిగిన కాడి నుంచి పైకి వచ్చేదాకా ఈ రెండూ నా తలలో కొట్టుకుంటాయి. ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

ఇప్పుడు షిఫ్టు వదిలే వేళకు టీ తాగను. వానొచ్చినా షెడ్డు కిందికి పోను. పైకి వచ్చే మనిషికి మొట్టమొదట కనబడే చోటు ఒకటుంది, అక్కడ నిలబడతాను.